నాలుగో గోరు

నలభై ఏళ్లుగా నగల్లో రాళ్లు పొదుగుతున్నా, ఒక్క రాయికీ దెబ్బ తగలనివ్వలేదని పెద్దాయనకు పేరు. ఆ పేరు ఎక్కడ పోతుందోనని ఆయనకంటే ఆయన కూతురికే బెంగ ఎక్కువ. ఈ మధ్య నాన్న చెయ్యి వణకడం పక్క బల్ల దగ్గర అదే పని చేస్తూ ఆమె చూస్తూనే ఉంది. చెబితే వింటారా? ముక్కు మీదే ఉంటుంది కోపం. పైగా ఆ మాట తన నోటితో అనడానికి ఆమెకు మనసు రాలేదు.

సరిగ్గా అప్పుడే వచ్చిపడింది ఆ టాంజనైట్. ప్రపంచం మొత్తంలో ఒకే ఒక్క చోట దొరికే రాయి. ఇటు తిప్పితే చిక్కటి నీలం, అటు తిప్పితే ఊదా. చూడ్డానికి నీలమణికి తోబుట్టువులా ఉంటుంది గానీ అంత గట్టిదనం లేదు. కాస్త బలంగా నొక్కితే అంచు పెచ్చు లేచిపోతుంది. తెచ్చినావిడ "ఉంగరంలో పెద్దాయన చేత్తోనే పొదగాలి" అని మరీ మరీ చెప్పి వెళ్లింది. ఆయన పొంగిపోయారు. కూతుర్ని దగ్గరికి కూడా రానివ్వలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఉంగరం ఆమె ముందు పెట్టి, "మెరుగు పెట్టెయ్యమ్మా, ఐదింటికి వస్తుందావిడ" అన్నారు.

ఆమె భూతద్దం కంటికి పెట్టుకుని చూసింది. రాయిని పట్టుకున్న నాలుగు బంగారు గోళ్లలో ఒకటి లావుగా ఉంది. పుట్టుకతోనే మచ్చ ఉన్న రాయి వస్తే, గోరు సరిగ్గా ఆ మచ్చ మీదికి వచ్చేలా పొదగడం ఈ పనిలో మామూలే. అది నేర్పిందీ ఆయనే. కానీ ఈ రాయి వచ్చిన రోజు ఇద్దరూ కలిసే చూశారు. ఎక్కడా మచ్చన్నది లేదు.

"నాన్నా, ఈ గోరేంటి ఇలా..."

"బలానికి పెట్టాన్లే. కానివ్వు."

అలా అంటూ ఆయన ఆమె మొహంలోకి చూడలేదు. చేసిన పొరపాటు కంటే ఆ దాపరికమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఉంగరానికి మెరుగు పెట్టలేదు.

ఐదింటికి ఆవిడ వచ్చి ఇలా కూర్చుందో లేదో, కూతురు నోరు విప్పింది.

"రాయి అంచు చిట్లిందండీ. ఆఖరి గోరు నేను నొక్కాను. తప్పు నాదే."

పెద్దాయన చేతిలోని పట్టకారు బల్ల మీద పెట్టారు.

"అబద్ధమండీ. దాని చేతిలో రాయి చిట్లదు. నేను దగ్గరుండి దిద్దిన చెయ్యి అది. చిట్లగొట్టింది నేను, దాచింది కూడా నేనే."

ఆవిడ ఉంగరాన్ని వెలుగులో తిప్పి చూసింది. "బాగు చెయ్యొచ్చా?"

"అంచు మళ్లీ సాన పట్టిస్తే సరిపోతుంది, రాయి రవ్వంత తగ్గుతుంది. ఖర్చు మాది" అన్నారాయన.

"మరి పొదిగేదెవరు?"

"ఇంకెవరు?" కసిరినట్టే అన్నారు పెద్దాయన. ఉంగరాన్ని కూతురి బల్ల మీదికి జరిపారు. కూతురు ఏడ్చేసింది.