తోకేదీ?

వెన్నెముక ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు కుడివైపుకే ఒత్తిగిల్లి పడుకున్నాను. ఎదురుగోడకి, ఆసుపత్రి గదుల్లో బొమ్మలు వేసే పెయింటరమ్మ చుక్కలతో పాము తల వేసింది, మెడ దగ్గర నారింజరంగు చుక్క పెట్టి.

"మరి తోకేదీ?" అన్నాను చిరాగ్గా.

"ఇది నక్షత్రాల పామండీ, ఆకాశంలో రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో గ్రీకు కథల్లోని వైద్యుడు, ఆయనా నక్షత్రాలే, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఆ పాము దగ్గరే వైద్యం నేర్చుకున్నాడట. తోక మీ వెనకగోడ మీదకి వస్తుంది."

"ఎవడిక్కావాలి తోక!" అన్నానుగానీ, ఆ తోక నా బుర్ర తొలిచేసింది. ఇవాళ పొద్దున్న పళ్ళు బిగబట్టి, నర్సు చెయ్యి పట్టుకోకుండా, నా అంతట నేనే ఎడమవైపు తిరిగాను.

గోడ తెల్లగా ఉంది.

"తోకేదీ?" అని అరిచాను.

పెయింటరమ్మ కంగారుగా డబ్బా మూత తీసింది. "మీరు ఇటు తిరగడానికి ఇంకో నెల పడుతుందన్నారండీ డాక్టరుగారు!"