సలోమి పంటిలో ఏడు పురుగులు

రాజోలుకు ఆరు మైళ్ళ దూరంలో ఉన్న మా పాఠశాలకు 1978 జూలైలో పళ్ళ డాక్టరొకరు వచ్చి, టార్చిలైటు వెలుగులో యాభైనాలుగు మంది పిల్లల నోళ్ళు చూశారు. ముప్పైతొమ్మిది మందికి పుచ్చుపళ్ళున్నాయి. చాలావరకు పాలపళ్ళే, ఎలాగూ ఊడిపోతాయి. నాలుగో తరగతి సలోమిది మాత్రం ఆరో ఏట వచ్చిన దవడపన్ను.

"నెలలోపు అమలాపురం తీసుకురండి, సిమెంటు పెడతాను. ఆలస్యమైతే పీకడమే. ఆ పన్ను మళ్ళీ రాదు," అని చెప్పి ఆయన వెళ్ళిపోయారు.

మర్నాడు నల్లబల్లపై పన్ను బొమ్మ వేసి, తీపి తిని పుక్కిలించకపోతే క్రిములు చేరి పంటిని తొలుస్తాయని పాఠం చెప్పాను.

"క్రిమి అంటే ఏంటండి మాస్టారండీ?" అంది సలోమి.

గంట కొట్టే వేళయింది. "పురుగమ్మా. కంటికి కనబడనంత చిన్న పురుగు," అన్నాను. ఆసుపత్రి సంగతి చీటీ రాసి దాని చేతికిచ్చాను.

పది రోజులైనా కబురు లేదు. నేనే వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి రాహేలు వాకిట్లో కొబ్బరాకు అల్లుతోంది.

"అమలాపురం ఎప్పుడు వెళ్తారమ్మా?"

"ఇంకెందుకండీ? తీయించేసేం కదండీ! పంటి పురుగులు తీసే సత్తెమ్మగారు వాకుడు గింజల పొగ పట్టేరండి. పళ్ళెంలో ఏడు పురుగులు పడ్డాయండి. కనపడవన్నారంట మీరు, నూకల్లాగ తెల్లగా ఉన్నాయండి. కళ్ళజోడు మార్పించుకోండి మాస్టారండీ."

"పంటిలో పురుగులుండవు రాహేలమ్మా."

"అదేంటండీ, మీరేగా చెప్పేరు?"

ఇంటికి వచ్చి నిఘంటువు తీశాను. క్రిమి: పురుగు. అంతే ఉంది.

మర్నాడు వాకుడు గింజలు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. సత్తెమ్మగారు చేసే పద్ధతిలోనే నీళ్ళ పళ్ళెంలో కాల్చిన ఇనుపముక్క పెట్టి, నూనె రాసిన గింజలు దానిమీద వేసి, కుండ బోర్లించాను. కుండ తీసేసరికి తెల్లటివి నీళ్ళలో తేలుతున్నాయి.

"చూడమ్మా. ఇక్కడ నోరూ లేదు, పన్నూ లేదు. ఇవి గింజ చిట్లితే బయటపడ్డ మొలకలు."

రాహేలు వంగి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. "సత్తెమ్మగారికి ఏడేనండి. మీకు పదకొండు పడ్డాయి! మీ చెయ్యి మంచిదండీ."

"నేను చెప్పేది అది కాదు. పిల్లను అమలాపురం తీసుకువెళ్ళాలి."

"నొప్పే లేదంటోందండి అది."

పొగ మత్తుకు నొప్పి కొన్నాళ్ళు అణగుతుందని, పుచ్చు ఆగదని చెప్పాను. "ఆయ్, ఆయ్," అంటూ విన్నది. మూడో రోజు ఉదయానికి బుగ్గలు వాచిన పిల్లలతో ఇద్దరు తల్లులు మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒకామె కుండ కూడా తెచ్చుకుంది. వాళ్ళను పంపించేసరికి బడికి ఆలస్యమైంది.

ఆగస్టు నెలాఖరుకు సలోమి దవడ వాచి, నోరు తెరవలేకపోయింది. అప్పుడు ముగ్గురం అమలాపురం వెళ్ళాం. డాక్టరు నన్ను గుర్తుపట్టారు. మందులిచ్చి, వాపు తగ్గాక రమ్మన్నారు. రెండోసారి వెళ్ళినప్పుడు పన్ను పీకి, కాగితంలో చుట్టి పిల్ల చేతికిచ్చారు.

తిరుగు ప్రయాణంలో, వైనతేయ దాటే పడవలో, సలోమి ఆ కాగితం విప్పింది. పన్నును ఎండకు పట్టి, తొర్రలోకి ఒక కన్ను పెట్టి చాలాసేపు చూసింది. దూది కరిచిన నోటితో ముద్దగా అంది: "ఇందులో పురుగు లేదండి మాస్టారండీ."

నేను నోరు తెరిచేలోగా రాహేలు కూతురి తల నిమిరింది.

"ఎక్కడుంటుందే పిచ్చిమొహమా? ఏడూ అప్పుడే తీయించేసేం కదా."