ఇరవయ్యో ప్రశ్న

మా అక్క రాతలో తప్పు పట్టే మనిషి ఇంకా పుట్టలేదని మా ఇంట్లో ఒక నమ్మకం. ముప్పై ఏళ్ళుగా బడిలో పంతులమ్మ. అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి, అంకెలు నిటారుగా నిలబడతాయి. కొట్టివేత అనేది ఆవిడ జీవితంలో లేదు. నేను ఆవిడ తమ్ముణ్ణి. పెళ్ళీ పెటాకులూ లేకుండా అక్కాబావల ఇంట్లో మేడమీది గది ఆక్రమించుకుని, కాఫీలో పంచదార తగ్గిందని రోజూ సణుగుతూ బతుకుతున్నాను. జనాభా లెక్కల ఆఫీసులో పట్టికలు సరిచూడటం నా పని. అక్కను చేసుకున్న కొత్తలోనే మా బావ నాకు చాదస్తం అని పేరు పెట్టాడు, ఆఫీసులోనూ అదే అంటారు. వెనకాల కాదు, మొహం మీదే.

ఆ పట్టికలు ఎవరిక్కావాలని మా బావ ఎప్పుడూ ఎగతాళి చేస్తాడు. ఎవరింట్లో కుళాయి ఉంది, ఏ తల్లికి చదువొచ్చు, ఏ సందులో ఎంతమంది పసివాళ్ళు పోయారు, ఇవన్నీ ఇంటింటికీ వెళ్ళి అడిగి రాసుకొస్తారు. వాటిని కూడి మేము ఆరోగ్యశాఖకు ఒక జాబితా పంపుతాం. ఊరంతటికీ ఉన్నది ఒక్క వైద్యం వ్యాను. జాబితాలో పసిపిల్లల చావులు ఎక్కువున్న మూడు చోట్లకు అది వారానికి రెండు రోజులు వెళ్తుంది. మిగతావాళ్ళు వాళ్ళ తిప్పలు వాళ్ళు పడాలి. నేను వేసే అంకె ఆ వ్యానుకు స్టీరింగు లాంటిదని బావతో గొప్పగా చెప్పేవాణ్ణి.

నూలుకు రంగులు వేసే షెడ్ల వెనక నాలుగు సందులున్నాయి. నూట ఎనభై ఆరు ఇళ్ళు. అక్కడ మురిక్కాలవ ఒకరోజు ఎర్రగా, మర్నాడు నీలంగా పారుతుంది. చాలా ఏళ్ళుగా వ్యాను మంగళ, శుక్రవారాల్లో అక్కడే ఆగేది. కొత్త లెక్కలు వచ్చాక ఆ సందుల వరసలో, పోయిన పిల్లలు అన్న గడిలో, సున్నా కనిపించింది.

ఆ సున్నాను చూడగానే నాకు అనుమానం రాకపోలేదు. వచ్చింది. టీ తాగినంతసేపు ఉంది. తర్వాత ఆ ఇళ్ళకు తిరిగి రాసిన వాళ్ళ పేరు చూశాను. మా అక్క. బడి టీచర్లకే కదా ఆ డ్యూటీ వేస్తారు. అక్క రాసిందంటే ఇక చూసేదేముంది అనుకుని, సరిచూశాను అని సంతకం పెట్టేశాను. ఇరవై మూడేళ్ళ నా చాదస్తం ఆ ఒక్క పూట ఏ గంగలో దూకిందో నాకు తెలియదు.

వ్యాను వేరేచోటికి మళ్ళింది. నెలన్నర తర్వాత ఆ సందుల్లో పనిచేసే నర్సమ్మ మా ఆఫీసుకు వచ్చింది. యాభై దాటిన మనిషి, చెప్పులకు నీలం మరక.

"పట్టికలు చూసేది మీరేనా?"

"నేనే. కూర్చోండమ్మా."

"కూర్చోడానికి రాలేదు. మా వ్యాను ఎందుకు తీసేశారంటే మీ పెద్దసారు మిమ్మల్ని అడగమన్నారు."

నేను పట్టిక తీసి సున్నా చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, సంచిలోంచి అంచులు నలిగిన ఒక నోటుపుస్తకం తీసి నా బల్లమీద పెట్టింది. ఇంటి నంబరు, తల్లి పేరు, బిడ్డ ఎన్ని రోజులు బతికింది, ఏమొచ్చి పోయింది. అయిదేళ్ళలో పంతొమ్మిది మంది.

"మా సందుల్లో పసిపిల్లలు చావరని మీ కాగితం చెబుతోంది. ఆ మాట మీరే వచ్చి తల్లులకు చెప్పండి. సంతోషిస్తారు."

"ఈ పుస్తకం పై ఆఫీసుకు పంపలేదా?"

"మూడుసార్లు పంపాను. నాది వట్టి పుస్తకమంట, మీదేమో లెక్కంట."

ఆవిడ వెళ్ళాక రికార్డు గదిలోకి వెళ్ళి ఆ నాలుగు సందుల ఫారాల కట్ట విప్పాను. పంతొమ్మిదో ప్రశ్న, ఇప్పుడు బతికున్న పిల్లలు ఎంతమంది. ఇరవయ్యో ప్రశ్న, మొత్తం ప్రాణంతో పుట్టినవాళ్ళు ఎంతమంది. రెంటికీ తేడా ఎంతో, పోయినవాళ్ళు అంతమంది. పెళ్ళయిన ప్రతి ఆడమనిషికీ రెండు చోట్లా ఒకే అంకె. మూడు, మూడు. రెండు, రెండు. మొదటి ఇంటి ఫారంలో మాత్రం ఇరవయ్యో ప్రశ్న దగ్గర నాలుగు కొట్టేసి, పక్కన మూడు వేసి ఉంది. మా అక్క కొట్టివేత చూడటం నాకు అదే మొదటిసారి.

ఇంటికొచ్చేసరికి అక్క భోజనాల బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతోంది. చెప్పులు కూడా విడవకుండా ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, రంగుల సందుల్లో ఇరవయ్యో ప్రశ్న అడిగావా?"

ఎర్రకలం ఆగింది. "అడగలేదురా."

"ఒక్క ఇంట్లో కూడానా?"

"మొదటింట్లో అడిగాను. రంగు తొట్లు కడిగే ఆవిడ. మోచేతుల దాకా నీలమే. పిల్లలెంతమందంటే ముగ్గురంది. మొత్తం ఎంతమంది పుట్టారమ్మా అన్నాను. నలుగురని, ఇక ఆ నాలుగోవాడి గురించే మొదలెట్టింది. ఎట్లా నవ్వేవాడో, ఏ పక్కకి తిరిగి పడుకునేవాడో. గంటసేపు చెప్పింది. వచ్చేస్తుంటే, ఇన్నాళ్ళకి మీరొక్కరే అడిగారమ్మా అంది."

"మరి?"

"సందు చివర గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఆవిడ నాతో చెప్పుకుంది గాని ఆఫీసుతో కాదు కదా అనిపించింది. కొట్టేశాను. ఆ తర్వాత ఏ ఇంటికెళ్ళినా ఆ మాట గొంతు దాటి రాలేదు. పిల్లలెంతమంది అనడం, రెండు చోట్లా అదే వెయ్యడం."

అక్క ఎందుకు అడగలేకపోయిందో నాకు తెలుసు. ఆవిడ తొలి కాన్పు సమయంలో నేను వేరే ఊళ్ళో చదువుకుంటున్నాను. పరీక్షల మధ్యలో అమ్మ ఉత్తరం రాసింది. అక్క బిడ్డ దక్కలేదు, తొమ్మిది రోజులే, నువ్వు వచ్చినప్పుడు ఆ మాట ఎత్తకు అని. సెలవులకు వెళ్ళేసరికి ఉయ్యాల లేదు. నేను ఆ మాట ఎత్తలేదు. తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు, పెద్దవాళ్ళయ్యారు. అమ్మ పోయింది. ఇరవై అయిదేళ్ళయినా నేను ఆ మాట ఎత్తనే లేదు.

అంత తెలిసీ, ఆ సాయంత్రం నాకు జాలి కంటే కోపమే ముందొచ్చింది. వ్యాను సంగతి, పంతొమ్మిది మంది సంగతి చెప్పి నోటికొచ్చినట్టు కేకలేశాను. నీ మెత్తదనం వాళ్ళ కొంప ముంచింది అన్నాను. సంతకం పెట్టింది నేనేనన్న మాట మాత్రం మింగేశాను. అక్క అంతా విని, కలానికి మూత పెట్టింది.

"మళ్ళీ తిరిగి రాయడానికి దారుందా?"

"రాసినవాళ్ళు తప్పు ఒప్పుకుని కాగితమిస్తే ఉంది. అది నీ సర్వీసు ఫైల్లో పడుతుంది. వచ్చే ఏడు హెడ్మిస్ట్రెస్సు అవ్వాల్సినదానివి."

అక్క లేచి తెల్లకాగితం తెచ్చుకుంది. ఇరవయ్యో ప్రశ్న నేను అడగలేదు, జవాబులు నేనే వేశాను అని అచ్చు గుద్దినట్టు రెండు వాక్యాలు రాసి చేతికిచ్చింది. మర్నాడు దాని కింద, చూడకుండా సంతకం పెట్టింది నేను అని కోడిగీతల్లో రాసి పెద్దసారుకు ఇచ్చాను. ఆయన మా ఇద్దరికీ కలిపి గట్టిగా గడ్డి పెట్టారు.

అనుమతి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆరు సాయంత్రాలు ఆ సందుల్లో తిరిగాం. తోడు నర్సమ్మ వచ్చింది. మొదటిరోజు తొట్లు కడిగే ఆవిడ అక్కను చూసి పీట వేసింది. అక్క ఆవిడతో జరిగింది జరిగినట్టు చెప్పి, వాడి లెక్క కొట్టేశాను, మళ్ళీ రాస్తాను అంది. ఆవిడ పీట పక్కనే నేలమీద కూర్చుంది. తర్వాత, "అయితే ఇంకోసారి చెప్పాలా?" అని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.

ప్రతి ఇంట్లోనూ అక్క ఆ ప్రశ్న అడిగింది. కొందరు ఒక్క అంకె చెప్పి ఊరుకున్నారు. ఒక ముసలావిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఒకింట్లో మొగుడు ఇద్దరంటే లోపలినుంచి భార్య ముగ్గురంది. ఆయన గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళిపోయాడు. అందరివీ కూడితే ఇరవై ఏడు మంది తేలారు. నర్సమ్మ ఆ సందులకు రాకముందు పోయినవాళ్ళు ఆవిడ పుస్తకంలో లేరు.

ఆరో రోజు చివరి ఇంటి ముందు నర్సమ్మ ఆగిపోయింది. గొంతు తగ్గించి చెప్పింది. ఆ ఇంట్లో పది నెలల పిల్లవాడు పదకొండు రోజుల కింద పోయాడు. వాంతులు, విరేచనాలు. వ్యాను తీసేశారని అక్కడ చాలామందికి తెలియదు. చెడిపోయిందనీ, బాగుచేయించి పంపుతారనీ అనుకుంటున్నారు. శుక్రవారం కదా అని ఆ తల్లి పిల్లవాణ్ణి ఎత్తుకెళ్ళి వ్యాను ఆగే మలుపు దగ్గర నిలబడింది. మధ్యాహ్నం దాకా నిలబడింది.

నేను గుమ్మం బయటే నిలబడ్డాను. అక్క మాత్రం లోపలికి వెళ్ళి చాపమీద కూర్చుంది. తల్లికి పాతికేళ్ళు కూడా ఉండవు. పక్కన నాలుగేళ్ళ ఆడపిల్ల.

"మొత్తం ఎంతమంది పుట్టారమ్మా?"

"ఇద్దరు."

"ఇప్పుడు?"

"ఇదొక్కతే."

అక్క నావైపు చూసింది. మా పనిలో ఒక నియమం ఉంది. ఎప్పుడు తిరిగి రాసినా, లెక్క మొదలైన రోజుకి ఎవరు బతికుంటే వాళ్ళు బతికున్నట్టే రాయాలి. ఆ రోజుకి పిల్లవాడికి రెండు నెలలు. నేను పంపిన సున్నా వల్ల పోయిన ఆ ఒక్క ప్రాణానికి నేను దిద్దే పట్టికలో చోటు లేదు.

"రెండు వెయ్యక్కా," అన్నాను.

అక్క రెండు చోట్లా రెండు వేసింది. ఆ అమ్మాయికి చదువొచ్చు. ఫారంలోకి వంగి చూసింది.

"ఇద్దరూ ఉన్నారని రాశారు."

"లెక్క మొదలైన రోజుకి ఉన్నాడమ్మా. ఆ రోజు లెక్కే రాయాలంట," అంది అక్క.

"ఉన్నాడు," అంది ఆ అమ్మాయి తల ఊపుతూ. "ఆ రోజుకి ఉన్నాడు."

బయటికొచ్చాక ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకోలేదు. దిద్దిన పట్టిక పైకి వెళ్ళింది. వ్యాను వచ్చే ఏడాది జాబితాతో తిరిగి వస్తుందని జవాబు వచ్చింది. నర్సమ్మ ఆ కాగితం చదివి, మడిచి, తన పుస్తకంలో పెట్టుకుంది. పుస్తకంలో ఇరవయ్యో వరస, ఆ పది నెలల పిల్లవాడిది, అప్పటికే రాసి ఉంది.

ఆ ఆదివారం పొద్దున అక్క ఆరిన బట్టలు మడతపెడుతుంటే ఖాళీ ఫారం పట్టుకుని మేడ దిగి వెళ్ళాను. లెక్కలవాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు అక్క బడిలో ఉంది. జవాబులన్నీ నేనే చెప్పాను. ఇద్దరు, ఇద్దరు అని తడుముకోకుండా చెప్పాను. అక్క మీద ఎగిరిన రోజున ఆ సంగతి నాకు గుర్తే రాలేదు.

"మన ఇంటి ఫారం నింపాలక్కా."

"నువ్వే నింపించావుగా."

"తప్పు చెప్పాను. పిల్లలెంతమంది?"

"నీకు తెలీదూ? ఇద్దరు."

రాశాను. "మొత్తం ఎంతమంది పుట్టారు?"

అక్క చేతిలో బావ చొక్కా ఉంది. దాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"ముగ్గురురా."

ఆ ప్రశ్నకు ఫారంలో రెండు గళ్ళుంటాయి, మగ, ఆడ అని. మగ గడిలో రెండు వేసి, మూడోది వెయ్యబోయి ఆగిపోయాను. అమ్మ ఉత్తరంలో బిడ్డ అని మాత్రమే ఉంది. మేనమామనై ఉండి, ఇరవై అయిదేళ్ళుగా అదే ఇంట్లో అన్నం తింటూ, ఆ బిడ్డను ఏ గడిలో వెయ్యాలో నాకు తెలియదు.

"బాబా అక్కా, పాపా?"

అక్క చొక్కా పక్కన పెట్టింది.

"పాప," అంది. "నీ ముక్కే వచ్చింది. ఉన్న తొమ్మిది రోజులూ మీ బావ దాన్ని చాదస్తం, చాదస్తం అని పిలిచాడు."

ఆడ గడిలో ఒకటి వేశాను. వంకరగా పడింది. అక్క నా చేతిలోంచి కలం తీసుకుని, ఆ అంకె మీదే నిటారుగా దిద్దింది.