పాదం లేచేదాకా

ఆఖరి చక్రానికి నట్లు బిగించి నోలా ఏకర్స్ జాకీ దించింది. శనివారం టైర్ల షాపు మధ్యాహ్నం దాకానే. మోచేతుల దాకా పట్టిన మసిని సబ్బుపొడితో తోముకుంది. గోళ్ల కింద నలుపు మాత్రం పోదు, ఆమె కూడా ఎప్పుడో వదిలేసింది. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, నెరిసిన జుట్టంతా టోపీలోకి దోపేసి ఉంటుంది. పంది తునక పెట్టిన రొట్టె ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో మాండలిన్ పెట్టె పట్టుకుని ఎదురుగా ఉన్న సెలూన్‌కి నడిచింది.

శనివారం మధ్యాహ్నమయ్యేసరికి ఆ సెలూన్ నడిపే గార్లండ్ సట్‌ఫిన్ కత్తెర పక్కన పడేస్తాడు. కుర్చీలు వలయంగా జరుగుతాయి. ఆయన మాండలిన్, హోబర్ట్ బాంజో, ఫిడేలు, గిటారు, నిలబెట్టి వాయించే పెద్ద బేసు. బ్లూగ్రాస్ అనే ఆ పల్లె సంగీతానికి తీగ వాద్యాలే, అంతే. కరెంటుతో పలికేదేదీ ఆ గడప తొక్కకూడదు. డ్రమ్మయితే మరీ అపచారం.

ఆ సంగతి తెలియకే నోలా మూడేళ్ల కిందట డ్రమ్ము చంకనేసుకుని వచ్చింది. వయసులో రాక్ బ్యాండులో వాయించిన చెయ్యి, బ్యాండు చెదిరిపోయినా ఊరుకోలేదు పాపం. గార్లండ్ ఆ డ్రమ్ముని మర్యాదగా తీసుకెళ్లి వరండాలో కుక్క పక్కన పెట్టాడు.

"ఇక్కడ డ్రమ్ముండదు పిల్లా. దాని పని మాండలిన్ చేస్తుంది, విను."

బేసు ధుం అన్న ప్రతిసారీ వెనకే ఆయన తీగల్ని కొట్టి, మోగకుండా నొక్కేశాడు. ధుం, చక్. ధుం, చక్. నోలాకి ఒళ్లు జలదరించింది. ఎవరెన్ని చెప్పినా అది డ్రమ్మే.

వెళ్లి మాండలిన్ కొంది. కొన్నాక తెలిసింది, వలయంలో ఒక్క చక్‌కే చోటని, ఇద్దరు కొడితే పాట బురదవుతుందని. అప్పటినుంచి గోడవార బెంచీ మీద కూర్చుని, చప్పుడు కాకుండా వాయిస్తోంది. ఇంకొకరైతే మీ గుంపుకో దండం అని పోయేవారు. నోలాది ఉడుంపట్టు. ఆ వలయంలో ఒక కుర్చీ తనదవుతుందని ఆమెకి అనుమానమే లేదు.

"సందట్లో సడేమియా ఇవాళ కూడా దిగింది," అన్నాడు హోబర్ట్.

"నీ బాంజో విని కూడా పారిపోలేదంటే నా ఓపిక చూసుకో," అంది నోలా.

గార్లండ్ నవ్వబోయి ఆగి, ఊపిరి పీల్చుకున్నాడు. మొహం బూడిదరంగులో ఉంది. అయినా నున్నటి గడ్డం, మెరుస్తున్న బూట్లు, ఎప్పటిలాగే. పక్కన ఖాళీ కుర్చీని కాలితో లాగాడు.

"ఇలా వచ్చి కూర్చో పిల్లా."

"రెండు మాండలిన్లా?" అన్నాడు హోబర్ట్.

"నా వంతు వచ్చి నేను పాట వరస వాయించేటప్పుడు చక్ ఎవడు కొడతాడు, మీ తాతా?"

నోలా కూర్చుంది. మాండలిన్ ఒళ్లోకి తీసుకుంది.

గార్లండ్ పాట ఎత్తుకున్నాడు. పాట ఎత్తుకున్న మనిషే చివర్లో పాదం పైకి లేపాలి. అది లేచేదాకా ఆపే హక్కు ఎవరికీ లేదు. ఎప్పటిలాగే కళ్లు మూసుకుని, గడ్డం గుండెకి ఆనించి తన వంతు వాయించాడు. నోలా చక్ కొట్టింది. తర్వాత వంతు ఫిడేలుకి వెళ్లింది. చక్ ఆయన మళ్లీ అందుకోవాలి. అందుకోలేదు. నోలా కొడుతూనే ఉంది. ఇంత సంతోషం ఆమెకి బ్యాండులో కూడా కలగలేదు.

పాట వలయమంతా తిరిగింది. మళ్లీ తిరిగింది.

"ముసలాయన ఇవాళ వదిలేలా లేడు," అని గొణిగాడు హోబర్ట్.

నోలా పాదం కోసం కిందకి చూసింది. ఎప్పుడూ తాళం వేసే ఆ బూటు కదలడం లేదు. తలెత్తి ఆయన ఛాతీ వైపు చూసింది. అదీ కదలడం లేదు.

అయినా నోలా చెయ్యి తాళం తప్పలేదు. ఆయన ఎత్తుకున్న పాటని మధ్యలో తెంపడానికి మనసొప్పలేదు. చరణం పూర్తి చేయించి, తన కాలు పైకి లేపింది. అందరూ ఒక్కసారే ఆగారు.

"పాదం లేపడానికి నువ్వెవరు?" అంటూ తిరిగిన హోబర్ట్ అప్పుడు చూశాడు. టోపీ తీసేశాడు.

డాక్టరు వచ్చి, చూసి, తల అడ్డంగా ఊపాడు. మోసుకెళ్లేవాళ్లు వచ్చారు. వరండాలో కుక్క లేచి వాళ్లకి దారిచ్చింది. ఆయన్ని ఎత్తేముందు ఒడిలోంచి తీసిన మాండలిన్‌ని నోలా రెండు చేతులా ఆ ఖాళీ కుర్చీలో పెట్టింది. ఈ రోజుకి ఇక చాలనుకున్నప్పుడు గార్లండ్ తీగలు మీటే చిన్న బిళ్లని, ఆ పిక్కుని, తీగల మధ్య గుచ్చుతాడని, గుచ్చాక మళ్లీ తీయడని ఊరందరికీ తెలుసు.

ఆ అరిగిన పిక్కు తీగల మధ్య నిటారుగా, జాగ్రత్తగా గుచ్చి ఉంది.