విజిల్ విని పరుగెత్తిన ఇద్దరు

పోలీసు విజిల్ ఊదగానే పరుగెత్తింది ఇద్దరం, నేనూ మంగ్లూ. దెబ్బలు మాత్రం ఒక్కడికే పడ్డాయి. ఎందుకో ఎవరైనా చెప్పండి నాకు!

మాది ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పని. మందు పేల్చే ముందు విజిల్ వినబడిందంటే, చేతిలో ఉన్నది పారేసి చాటుకు పరుగెత్తాలి. ఆలోచిస్తే ప్రాణం పోతుంది. బస్తర్ నుంచి కూలికి వచ్చిన మంగ్లూకి ఆ అలవాటు చేయించింది నేనే. ఆ రోజు మొదటి షిఫ్టు దిగి గోదావరిఖని చౌరస్తాలో నడుస్తుంటే వెనక నుంచి విజిల్! ఇద్దరం పోయి ఆగి ఉన్న లారీ చాటున పడ్డాం.

కానిస్టేబుళ్లు వచ్చి నన్ను లేపి, "ఏమన్నా, దెబ్బ తగిలిందా?" అని అడిగారు. మంగ్లూని మాత్రం కాలర్ పట్టి, కొట్టుకుంటూ జీపెక్కించారు. పొద్దున సారవ్వ అనే ముసలామె మెడలో పుస్తెలతాడు ఎవడో తెంపుకుపోయాడట.

నేను ఠాణాకు చేరేసరికి మంగ్లూ నేల మీద కూర్చుని ఉన్నాడు. పెదవి చిట్లింది.

"దొంగ కాకుంటే ఎందుకు ఉరికిండు?" అన్నాడు ఎస్సై.

"నేను గూడ ఉరికిన గద సార్! విజిల్ అంటే మాకు ఉరుకుడే. పొద్దుగాల ఇద్దరం డ్యూటీల ఉన్నం, సూపర్‌వైజర్‌ను అడుగుండ్రి."

"నీ సంగతి వేరు టిమోతీ, నువ్వు మనోడివి. గీ బయటోళ్లను నమ్మద్దు. జల్ది ఇంటికి పో."

మనోణ్నట! మొన్న క్రిస్మస్‌కు మా వాడలో మైకు పెడితే 'మీవోళ్ల లొల్లి ఎక్కువైంది' అని తిట్టిపోయింది ఈయనే. నా ఒళ్లు మండిపోయింది.

అంతలో ఎస్సై సారవ్వను పిలిపించి, "గీడేనా అవ్వా? మంచిగ చూడు" అన్నాడు.

"వీడు కాదు బిడ్డా. గా దొంగ సచ్చినోడు మన భాషల తిట్టుకుంట పోయిండు. గీ పిల్లగాన్ని గిట్ల కొట్టిన్రేంది? మీ చేతులు పడిపోను!"

ఎస్సై ముఖం మాడింది. తప్పయిందన్న మాట నోట రాలేదు. "సరే. దొంగ దొరికేదాక రోజు పొద్దుగాల వచ్చి కనబడాలె" అన్నాడు మంగ్లూతో. రోజూ పొద్దున ఇక్కడికొస్తే షిఫ్టు పోతుంది. షిఫ్టు పోతే కాంట్రాక్టరు పనిలోంచి తీసేస్తాడు. ఆ సంగతి తెలిసీ మంగ్లూ తలూపాడు.

"అయితే నేను గూడ వస్త సార్. మా బ్లాస్టింగోళ్లం అందరం వస్తం. విజిల్ అంటే ఉరికేటోళ్లమే మేమంతా" అన్నాను.

"బెదిరిస్తున్నవా? నీకు గూడ లోపల జాగ ఉన్నది!"

"గీ మాట ఇందాకనే అనాల్సింది" అని వెళ్లి మంగ్లూ పక్కన నేల మీద కూర్చున్నాను. సారవ్వ కూడా కొంగు బిగించి మా పక్కనే కూలబడింది. "దొంగ ఊర్లె తిరుగుతుండు. ఒక్కడన్న లేచి వెతుకుతున్నడా? నేను గూడ కదల!" అంది.

ఎస్సై మమ్మల్ని మింగేసేలా చూశాడు. చివరికి, "దఫా అవుండ్రి, పోండ్రి ఈడికెల్లి. రేపు ఎవ్వడు రావద్దు" అని అరిచాడు.

గెలిచామనుకున్నాను. మంగ్లూ మెల్లగా లేచాడు. పెదవి మీది నెత్తురు చేత్తో తుడుచుకుని, తనను కొట్టినవాళ్ల వైపు తిరిగి, ఒక్కొక్కరికీ వంగి సలాం పెట్టాడు.