సున్నపు బట్టీలో ఈల

నేను ఒక కుంకుమ భరిణెను. నాలో కుంకుమ ఉండి మాత్రం చాలా ఏళ్ళయింది. ప్రస్తుతం నా నివాసం వేల్స్ దేశపు పడమటి తీరంలో, సముద్రానికి ఎదురుగా, పాడుబడిన ఒక సున్నపు బట్టీలో. ఏటికొప్పాకలో పుట్టినదాన్ని ఇక్కడికెలా చేరానని మీకు అనుమానం రావాలి. నాకే వస్తుంటుంది అప్పుడప్పుడు.

పుట్టుక సంగతి త్వరగా చెప్పేస్తాను. నాది అంకుడు కర్ర. ఒక ముసలి చేయి నన్ను లేత్ మీద తిప్పుతూ, తిరుగుతుండగానే లక్క ఆనించింది. ఆ రాపిడి వేడికి లక్క కరిగి ఒంటికి పట్టింది. ఒళ్ళంతా ఎరుపు, నడుముకి పసుపు గీత. చివర్లో మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెట్టారు. మూత ఎంత బిగువుగా కుదిరిందంటే, తీసినప్పుడల్లా 'టప్'మని చప్పుడవుతుంది. ఆ చప్పుడు నచ్చే అనకాపల్లిలో నూకరత్నం అనే నర్సింగ్ విద్యార్థిని నన్ను కొంది. కొనేముందు ఆరుసార్లు తీసి మూసింది. దుకాణంవాడు విసుక్కున్నాడు.

రత్నానికి ఈ వేల్స్‌లోనే కార్డిఫ్ నగరపు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. నేనూ పెట్టెలో కూర్చుని వెళ్ళాను. అక్కడ కుంకుమ పోయి బొట్టుబిళ్ళలు వచ్చాయి. అల్మారాలో ఖాళీగా పడి ఉన్న నాకు, రత్నం కూతురు చేతన వల్ల మళ్ళీ ఉద్యోగం దొరికింది. ఆరేళ్ళప్పుడు వచ్చిన జ్వరంలో ఆ పిల్లకు కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవి సగం పోయింది. ఎడమ చెవికి ఒక వినికిడి యంత్రం పెట్టారు. చిక్కుడు గింజంత ఉంటుంది. ప్రపంచం మొత్తం ఆ గింజలోంచే లోపలికి పోవాలి. దానికి తేమ తగలకూడదు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన పెట్టె ఒకటుంది. కానీ ఆసుపత్రిలోనే పనిచేసే రత్నం దాన్ని నమ్మలేదు. నాలో నాలుగు బియ్యపు గింజలు పోసి, వాటి మీద పెట్టమంది.

పెట్టే ముందు యంత్రానికున్న బుల్లి బ్యాటరీ తలుపు తెరవాలి. అప్పుడే అది నిద్రపోతుంది. తెరవకుండా మూసిన చోట పెడితే సన్నగా ఈల వేస్తూనే ఉంటుంది. చేతన ఐదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ తలుపు మరిచిపోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

చేతనకి పదకొండేళ్ళు వచ్చాయి. వేసవి సెలవులు దాటితే కొత్త బడి, పెద్ద బడి. ఆ సెలవుల్లోనే రత్నం తమ్ముడు కన్నబాబు ఒక కారవాన్ అద్దెకు తీసుకొచ్చాడు. చక్రాల మీద గది అది. కారు వెనక తగిలించుకుని, సముద్రపు ఒడ్డున గొర్రెలు మేసే పొలంలో నిలబెట్టాడు.

"అక్కా, ఇది ఇల్లా, అగ్గిపెట్టా? నేను కాలు చాపితే నీ స్టవ్ ఆరిపోతంది."

"చాపకు. ముడుసుకు పడుకో. దోసెల పిండి పక్కనే ఉంది, తన్నీసేవంటే సంపేస్తాను."

కన్నబాబుకి జియోకేచింగ్ పిచ్చి. ఎవరో ఒకరు కొండల్లో ఒక డబ్బా దాచి, అది ఎక్కడుందో ఇంటర్నెట్లో పెడతారు. మిగతావాళ్ళు ఫోన్ చేతబట్టుకుని, ఉపగ్రహం చూపించిన చోటికి నడిచి వెతుకుతారు. మా ఊళ్ళో మనుషులు ఎవరికీ దొరక్కూడదని దాచుకోవడం చూశాను. దొరకాలని దాచేవాళ్ళను చూడటం అదే మొదలు.

"దొరికితే ఏటుంటాది అందులో?" రత్నం అడిగింది.

"ఏటీ ఉండదు. పేరు రాసొచ్చెయ్యడమే. నచ్చింది ఏదైనా తీసుకుంటే, దానికంటే మంచిది బదులు పెట్టాల."

"ఏటీ ఉండని దానికి ఇంత దూరం నడవడానికి మనకేటి, పిచ్చా?"

"దొరక్కుండా దాచేవోడు దొంగ అక్కా. దొరికేలా దాచేవోడే మనోడు."

చేతన నవ్వింది. కిటికీ అద్దంలో చూసుకుంటూ జుట్టు ఎడమ చెవి మీదికి లాక్కుంది. "కొత్త బళ్ళో నేను జుట్టు విరబోసుకుంటాను మావయ్యా," అంది.

"ఎందుకే? దెయ్యంలా?"

"ఊరికే."

ఆ 'ఊరికే'ని పెద్దవాళ్ళిద్దరూ పట్టించుకోలేదు. దోసె మాడుతోంది మరి.

మర్నాడు పొద్దున కన్నబాబూ చేతనా కొండ అంచున ఉన్న కాలిబాట పట్టారు. గాలి విపరీతంగా ఉంది. గాలిలో ఆ యంత్రం పెట్టుకుంటే చెవిలో ఒకటే హోరు. అందుకని అలాంటి చోట తీసి నాలో పెట్టుకోవచ్చని రత్నం అనుమతి. చేతన అలాగే చేసింది. మావయ్య చేయి మాత్రం వదలకూడదు. ఒకవైపు పసుపు పూల ముళ్ళపొదలు, ఇంకోవైపు కింద సముద్రం. వానలకు ఒకచోట అంచు విరిగిపడితే, పాత బాటకి తాడు కట్టి కొత్త బాట వేశారు. ఆ పక్కనే సున్నపు బట్టీ. ఒకప్పుడు పడవల్లో వచ్చిన సున్నపురాయిని అక్కడ కాల్చేవారట.

బట్టీ కమాను లోపల, వదులుగా ఉన్న రాయి వెనక, ప్లాస్టిక్ డబ్బా దొరికింది. కన్నబాబు ఈ దేశాన్ని తనే కనిపెట్టినట్టు కేకేసి, ఫొటో తీసుకోవడానికి బయటికి వెళ్ళాడు. డబ్బాలో గోళీలు, గుండీలు, చెక్కతో చెక్కిన చిన్న చెంచా ఒకటి ఉన్నాయి. చేతన చెంచా తీసుకుంది. జేబులోంచి నన్ను తీసింది. ఆమె వేళ్ళు నా మూత మీద ఆగాయి. తర్వాత నన్ను డబ్బాలో పెట్టి, రాయి అడ్డం పెట్టేసింది.

మరిచిపోయిందనుకున్నారా? మరిచిపోయిన వేళ్ళు అలా ఆగవు. కానీ చీకట్లో నాకు అంతుబట్టనిది మరొకటుంది. నాలో ఉన్న యంత్రం ఈల వేస్తోంది. బ్యాటరీ తలుపు ఆమె తెరవలేదు.

కారవాన్లో ఏం జరిగిందో తర్వాత వాళ్ళ మాటల్లోనే విన్నాను. భరిణె ఏదని తల్లి సైగ చేస్తే, గులకరాళ్ళ ఒడ్డున ఎక్కడో పడిపోయిందని చేతన చెప్పింది. రత్నం తిట్టలేదు. చెప్పులు వేసుకుని ఒడ్డుకు పరిగెత్తింది. మోకాళ్ళ మీద కూర్చుని రాయి తర్వాత రాయి తిరగేసింది. ఆటు పోయి పోటు మొదలైంది. నీళ్ళు మోకాళ్ళను తడుపుతున్నా ఆమె లేవలేదు. కన్నబాబు రెక్క పట్టుకుని లాగితే విదిలించుకుంది. చేతన అది చూసింది. చూడగలిగినంతసేపు చూసి, ఎవరికీ చెప్పకుండా కొండెక్కింది. అప్పుడే సముద్రం మీంచి పొగమంచు కమ్ముకొచ్చింది. పిల్ల పక్కన లేదని చూసుకుని రత్నం వెనకాలే పరిగెత్తింది.

ఈలోగా బట్టీలో నా దగ్గరికి వేరే అతిథులు వచ్చారు. ముందు ఒక కుక్క రాయిని గోళ్ళతో గీకింది. వెనకాలే ముసలి గొంతు: "మోట్! ఏముందిరా అక్కడ? ఎలుకా?"

ఆమె పేరు గ్వెన్. గొర్రెల కాపరి. ఆ డబ్బా దాచింది ఆమే. అప్పుడప్పుడు వచ్చి సరిచూసుకుంటుంది. ఈల ఆమెకు వినిపించలేదు, కుక్కకి వినిపించింది. నా మూత తీసినప్పుడు 'టప్'మన్న చప్పుడూ ఆమెకు వినిపించలేదు. బియ్యం మీద పడుకున్న యంత్రాన్ని మాత్రం రెండు వేళ్ళతో ఎత్తి చూసి, మళ్ళీ నాలో పెట్టింది.

"నాకూ ఇచ్చారు ఇలాంటిది," అని కుక్కతో చెప్పింది. "సొరుగులో పడేశాను. దీనికి సొరుగు దొరకలేదు కాబోలు. ఇంత చిన్నది... పసిపిల్లదై ఉంటుంది."

నన్ను కోటు జేబులో వేసుకుని బట్టీలోంచి బయటికి వచ్చింది. బయట తెల్లటి గోడలాంటి మంచు. దూరం నుంచి ఒక కేక. ఆ గొంతు నాకు తెలుసు.

"చేతనా! ఆగవే! అటు దారి లేదే!"

గ్వెన్‌కి ఆ కేక వినిపించలేదు. ఆమె కళ్ళకు మాత్రం, మంచు కాస్త పలచబడిన చోట, తాడు దాటి పాత బాట మీద నడుస్తున్న పిల్ల కనిపించింది. మంచులో తాడు ఆ పిల్ల కంటపడలేదు. వెనకనుంచి తల్లి ప్రాణం పెట్టి అరుస్తోంది. పిల్ల తల కూడా తిప్పడం లేదు. ఆ పిల్ల చెవి నాలో ఉంది. నా బిగువు మూత మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది.

గ్వెన్ అరవలేదు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది. మోట్ బాణంలా వెళ్ళింది. పిల్ల వెంట పడలేదు. పక్కనుంచి చుట్టు తిరిగి, ముందుకు పోయి, నేలకు కరుచుకుని పడుకుని, దారి తప్పిన గొర్రెను చూసినట్టు చూసింది. చేతన ఆగింది. పక్కకు జరిగితే కుక్కా జరిగింది. ఆ కుక్క వెనక నేల లేదు.

గ్వెన్ వెళ్ళి పిల్ల చేయి పట్టుకుని ఇవతలికి తెచ్చేసరికి రత్నం పరిగెత్తుకొచ్చింది. పిల్ల రెండు రెక్కలూ పట్టుకుంది. "ఎన్నిసార్లు పిలిసేనే! గొంతు సించుకుని..." అని మొదలెట్టి, వినిపించదని గుర్తొచ్చి, సగంలో ఆగిపోయింది.

గ్వెన్ నన్ను తీసి మూత తెరిచింది. టప్. లోపల ఈల ఇంకా మోగుతూనే ఉంది. చేతన యంత్రానికి అంటిన బియ్యపు గింజను ఊది, చెవిలో పెట్టుకుంది. ఈల ఆగింది.

"అమ్మా, నీకు ఆయాసం వస్తోంది," అంది.

రత్నం కళ్ళు తుడుచుకుంది. "పడిపోయిందన్నావు."

"పడలేదు. నేనే పెట్టేను."

"ఎందుకే?"

"కొత్త బళ్ళో అందరూ చూస్తారు."

రత్నం యంత్రం వైపు చూసింది. నర్సు కదా, ఆమెకు ఆ ఈల సంగతి తెలుసు. "మరి తలుపు తియ్యలేదేం? ఎప్పుడూ తీసేదానివి."

చేతన ఆలోచించింది. తనకీ ఆ సంగతి అప్పుడే తెలుస్తున్నట్టుంది.

"తీసేస్తే ఎవరికీ దొరకదు కదమ్మా."

కన్నబాబు తడిసిన ప్యాంటుతో రొప్పుకుంటూ వచ్చాడు. "దొరికిందా అక్కా?"

"దొరికింది," అంది రత్నం. ఏది దొరికిందో చెప్పలేదు. పిల్ల భుజం మీంచి చేయి తీయలేదు.

చేతన చెంచా తిరిగివ్వబోతే గ్వెన్ ఒప్పుకోలేదు. "అది నేను చెక్కిందే. తీసుకున్నావు, బదులు పెట్టావు, ఆట ఆటే. ఈ భరిణె బట్టీది. చెవి నీది."

"మరి రాత్రిళ్ళు ఎందులో పెడతావే?" రత్నం అడిగింది.

"ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన పెట్టె ఉందిగా."

రత్నం మొహం చూడాలి అప్పుడు. అయినా తలూపింది. చేతన బట్టీలోకి వెళ్ళి నన్ను రెండు చేతులతో డబ్బాలో పెట్టింది. వంగినప్పుడు జుట్టు ముందుకు పడితే, తీసి ఎడమ చెవి వెనక్కి దోపుకుంది.

అప్పటినుంచి నేను ఇక్కడే ఉన్నాను. ఎవరెవరో వచ్చి డబ్బా తెరుస్తారు. నాలోని బియ్యపు గింజలు చూసి ఆశ్చర్యపోతారు. పెళ్ళి తలంబ్రాలంటాడొకడు, మంత్రమంటుంది ఒకావిడ. మనుషులు తమకు తెలియనిదాన్ని ఎంత నమ్మకంగా వివరిస్తారో వింటూ కాలక్షేపం చేస్తుంటాను.

మొన్న గ్వెన్ వచ్చింది. కుక్క ముందు రాలేదు, పక్కనే నడిచింది. ఆమె నన్ను తీసి మూత తెరిచింది. టప్. ఉలిక్కిపడి, సొరుగులోంచి తన చెవికి చేరిన యంత్రాన్ని తడుముకుంది. మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచింది. అనకాపల్లి దుకాణంలో రత్నం తీసినట్టే, నన్ను చెవి దగ్గర పెట్టుకుని అలా తీస్తూ, మూస్తూ ఉండిపోయింది.