వెనక సీటు పొడవు

అమలాపురం టాక్సీ స్టాండులో జీవరత్నం ఇరవై ఏళ్లు నడిపిన అంబాసిడర్ చివరికి మొరాయించింది. కొత్త కారు కొందామని రాజమండ్రి షోరూముకు వెళ్లాడు. సేల్స్‌మన్ ఏసీ అనీ, మైలేజీ అనీ ఊదరగొడుతుంటే విసుగొచ్చి, వెనక తలుపు తీసి, చెప్పులు విడిచి సీటు మీద వెల్లకిలా పడుకున్నాడు. మోకాళ్లు ముడిచినా పాదాలు తలుపు బయటే ఉండిపోయాయి.

“టాక్సీలో పడుకునేదెవరండీ?” సేల్స్‌మన్ నవ్వాడు.

జీవరత్నం లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

“కాకినాడ పెద్దాసుపత్రి నుంచి ఇంటికొచ్చేవాళ్లండీ. ఊపిరున్నోళ్లూ, లేనోళ్లూ. మా ఆవిడ కాంతమ్మని కూడా నా బండిలోనే తెచ్చుకున్నానండీ. వెనక సీట్లో కాళ్లు బారజాపుకుని పడుకుంది. ప్రాణం లేదని తెలుసండీ. అయినా గొయ్యి కనబడిన చోటల్లా బ్రేకేసేనండీ.”